హెచ్‌డీఎంఐ కేబులు పిడుగును ఆపదు

"హోమ్ థియేటర్ పెట్టుకునేవారికి ముఖ్య హెచ్చరిక" అని మొదలై "కనీసం పదిమందికి పంపండి" అని ముగిసే ఒక సందేశం గత నెల రోజుల్లో నాకు ఆరుసార్లు వచ్చింది. ఇరవై అయిదేళ్ల అనుభవమున్న ఇంజనీరెవరో చెప్పిన ఏడు నిజాలట అవి. ఆ ఇంజనీరుకు పేరు లేదు, ఊరు లేదు. అడుగున కేబులు కొనడానికి లింకు మాత్రం ఉంది. మొదటి అయిదుసార్లు చూసీ చూడనట్లు ఊరుకున్నాను. ఆరవసారి పంపిన మా తోడల్లుడు అంతటితో ఆగక, ఆ లింకు పట్టుకొని వెళ్లి రెండు మీటర్ల "సర్టిఫైడ్" హెచ్‌డీఎంఐ కేబులును (టీవీకి, ఇతర పరికరాలకు మధ్య బొమ్మను, శబ్దాన్ని మోసే తీగను) 18,000 రూపాయలు పోసి కొన్నాడు. "అన్నయ్యగారూ, నలుపు ఎంత నల్లగా ఉందో ఒకసారి వచ్చి చూడండి" అని ఫోను కూడా చేశాడు. ఇక ఊరుకోవడం నావల్ల కాలేదు.

ఆ ఏడు నిజాలు ఇవి. చవక కేబులులో రంగులు వెలిసిపోతాయి, నలుపు బూడిదరంగుగా మారుతుంది. బంగారు పూత, ఆక్సిజన్ లేని రాగి ఉంటేనే ధ్వని సహజంగా ఉంటుంది. బాణం గుర్తు చూపిన వైపే కేబులును తగిలించాలి. రెండు వందల గంటలు వాడితేగాని కేబులు అసలు గుణం బయటపడదు. మొత్తం సామగ్రి ధరలో పదో వంతు కేబుళ్లకు కేటాయించాలి. చవక కేబులు వల్ల టీవీ బోర్డు కాలిపోతుంది, ఖరీదైన కేబులు కరెంటు హెచ్చుతగ్గుల నుంచి, పిడుగుల నుంచి కాపాడుతుంది. చివరిది, సర్టిఫికెట్ ఉన్న కేబులు అంటే ఖరీదైన కేబులే.

నలుపు సంగతి ముందు చూద్దాం. తోడల్లుడి ఇంటికి నిజంగానే వెళ్లాను. ఆయన ఎంతో మురిపెంగా ఒక సినిమా పెట్టి, చీకటి సన్నివేశం దగ్గర ఆపి చూపించాడు. ఆ సినిమా టీవీలోనే ఉన్న ఓటీటీ యాప్ నుంచి వస్తున్నది. అంటే ఆ చిత్రం వైఫై ద్వారా టీవీలోకి వచ్చి, టీవీలోనే విచ్చుకొని, టీవీ తెర మీదనే పడుతున్నది. పద్దెనిమిది వేల కేబులు టీవీ నుంచి సౌండ్‌బార్‌కు శబ్దాన్ని మాత్రమే మోస్తూ, ఆ నలుపుతో ఏ సంబంధమూ లేకుండా, టీవీ వెనుక వేలాడుతున్నది. ఈ మాట చెప్పాక ఆయన ముఖంలో కనబడిన నలుపు మాత్రం నిఖార్సయినది.

చిత్రం కేబులు గుండానే వెళ్లినా ఫలితం మారదు. సెట్‌టాప్ బాక్సు నుంచో డిస్క్ ప్లేయరు నుంచో బయలుదేరే సినిమా కాపీ రక్షణ కోసం గుప్తలిపిలో ఉంటుంది. 4కె, అంటే అతి స్పష్టమైన, చిత్రాలకు వాడే హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ పద్ధతిలో ఆ గుప్తీకరణ 128 బిట్ల ఏఈఎస్ అనే గట్టి తాళం. తాను మోస్తున్నది ఎరుపో, నలుపో, హీరోయిన్ చీర అంచో కేబులుకు తెలిసే మార్గమే లేదు. ఎరుపును మరింత ఎర్రగా చేయాలంటే ఆ కేబులు ముందు గుప్తలిపిని ఛేదించి, ఎర్రని బిట్లను మాత్రం ఏరుకొని, సవరించి, మళ్లీ గుప్తీకరించి పంపాలి. అంతటి మేధ ఉన్న కేబులు పద్దెనిమిది వేలకు దొరికితే చవకే. కేబులులో నిజంగా లోపం ఉంటే రంగు వెలవదు: తెర మీద తెల్లని చుక్కలు మిణుకుమంటాయి, శబ్దం తెగుతుంది, లేదా తెర మొత్తం రెండు క్షణాలు నల్లబడి మళ్లీ వస్తుంది. (సందేశం వాగ్దానం చేసిన గాఢమైన నలుపు ఆ రెండు క్షణాలే దొరుకుతుంది.)

అయితే కేబులు మార్చాక చిత్రం నిజంగానే మారిందని చెప్పేవారు అబద్ధం ఆడుతున్నారని నేననను. కేబులు పీకి పెట్టినప్పుడు రెండు పరికరాలూ మళ్లీ ఒకదానినొకటి పలకరించుకొని కొత్తగా ఒప్పందానికి వస్తాయి. నలుపు నుంచి తెలుపు దాకా వెలుగును అంకెల్లో పంపుతారు; ప్లేయరు 16 నుంచి 235 వరకు ఉన్న పరిమిత శ్రేణిలో పంపుతుండగా టీవీ 0 నుంచి 255 వరకు ఉన్న పూర్తి శ్రేణిని ఆశిస్తే నలుపు బూడిదగా కనబడుతుంది. కేబులును వేరే పోర్టులో పెట్టడంతోనో, రిమోట్‌తో ఒక సెట్టింగు సరిచేయడంతోనో అది చక్కబడుతుంది. చాలా టీవీలలో ఒక్కో పోర్టుకు అధిక వేగాన్ని విడిగా అనుమతించాలి. ఆ పని కేబులు అమ్మేవారు చెప్పరు, ఎందుకంటే దానికి ధర లేదు. పైగా ఓటీటీలో 4కె చిత్రానికి నెట్‌ఫ్లిక్స్ అడిగే వేగం సెకనుకు 15 మెగాబిట్లు, అదే అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే డిస్క్ 128 మెగాబిట్ల వరకు ఇవ్వగలదు. చిత్రం అక్కడ పిండుకుపోయి ఇంటికి వస్తే, చివరి రెండు మీటర్ల తీగను నిందించడం పెళ్లికొడుకు నచ్చలేదని పందిరి గుంజను తిట్టినట్లుంది.

బంగారు పూత తుప్పు పట్టదు కాబట్టి సముద్రపుటొడ్డు ఊళ్లలో పనికి వస్తుంది, వంద రూపాయల కేబుళ్లకూ ఉంటుంది. విద్యుత్తును మోయడంలో మాత్రం బంగారం రాగి కంటే వెనుకనే. రెండు వందల గంటల మాటకు వస్తే, రాగి తీగ ఆవకాయ కాదు, ఊరడానికి. పదో వంతు సూత్రం ప్రకారం రెండు లక్షల సామగ్రి ఉన్నవాడికి ఇరవై వేల కేబులు, ఇరవై లక్షలు ఉన్నవాడికి రెండు లక్షల కేబులు కావాలి. ఇది విద్యుత్తు శాస్త్రం కాదు, దళారీ కమీషను లెక్క.

స్పీకరు తీగ విషయం కాస్త వేరు, అక్కడ లావుకు విలువ ఉంది. ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల మెత్తని రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 13.3 ఓముల నిరోధం ఉంటుంది. పది మీటర్ల దూరంలోని స్పీకరుకు పోనూ రానూ ఇరవై మీటర్లు వేసుకుంటే 0.27 ఓములు, ఎనిమిది ఓముల స్పీకరు ముందు అది మూడు శాతం పైచిలుకు, ధ్వనిలో నష్టం మూడో వంతు డెసిబెల్ (ధ్వని తీవ్రతకు కొలత) లోపే. అదైనా ఎందుకనుకుంటే 2.5 తీగ వేసుకోవచ్చు. చూసుకోవలసింది ఒక్కటే, అది అసలు రాగేనా, లేక రాగి పూత పూసిన అల్యూమినియమా అన్నది. ఆన్‌లైన్‌లో రంగురంగుల చుట్టలుగా దొరికే స్పీకరు తీగలో ఈ రెండవ రకం విరివిగా ఉంటుంది. కత్తితో ఒక పోగును గీకి చూస్తే లోపలి తెలుపు బయటపడుతుంది.

ఇవన్నీ డబ్బు పోయే వ్యవహారాలు. పోతే పోయింది అనుకోవచ్చు. ఆరవ నిజం అలా కాదు. ఖరీదైన కేబులు పిడుగు నుంచి కాపాడుతుందన్న మాటను నమ్మినవాడు ఉరుములు ఉరుముతున్నా ప్లగ్గు పీకకుండా నిశ్చింతగా కూర్చుంటాడు. అందుకే దీని దగ్గర ఓపిక పట్టలేను.

మన ఇళ్లలో టీవీలు ఎలా కాలిపోతాయో చూడండి. డాబా మీద లోహపు డిష్ ఉంటుంది. దాని నుంచి గుండ్రని కేబులు గోడ వెంట దిగి సెట్‌టాప్ బాక్సులోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ ద్వారా టీవీలోకి వస్తుంది. దగ్గరలో పిడుగు పడితే ఆ పొడవాటి తీగలో వోల్టేజి ఉప్పెనలా పుట్టి, దారిలో ఉన్నవాటన్నింటినీ దాటుకుంటూ టీవీ బోర్డు దాకా వస్తుంది. ఈ దారిలో హెచ్‌డీఎంఐ కేబులు చేయగలిగింది ఒక్కటే, దారి ఇవ్వడం. లావుపాటి రాగి, మూడు పొరల కవచం, బంగారు పూత ఉన్న కేబులు ఆ దారిని ఇరుకు చేయదు, వీలైతే ఇంకాస్త విశాలం చేస్తుంది. వోల్టేజిని కత్తిరించే భాగమేదీ ఆ రెండు మీటర్లలో లేదు. దూరదర్శన్ రోజుల్లో మబ్బు పట్టగానే టీవీ వెనుక యాంటెనా తీగ పీకి కిటికీ దగ్గర పడేసిన మా అమ్మమ్మకు ఈ ఇరవై అయిదేళ్ల అనుభవశాలి కంటే ఈ సంగతి బాగా తెలుసు. ఇప్పుడు పీకవలసినవి రెండు: గోడ ప్లగ్గు, డిష్ కేబులు. ఒకటి పీకి ఒకటి వదిలేస్తే పీకనట్లే.

రెండవ దారి న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రల్ తెగితే ఇంటికి రావలసిన 230 వోల్టులు 400 వైపు పరుగెత్తుతాయి. ఒక వీధిలో ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, టీవీలు ఒకేసారి పోయాయన్న వార్తల వెనుక చాలాసార్లు ఉండేది ఇదే. దీనికి మందు అధిక వోల్టేజి రాగానే సరఫరాను తెంచే పరికరం. అది మీటరు దగ్గర ఉండాలి, టీవీ వెనుక కాదు.

మూడవది అన్నింటికంటే మామూలుది, ఎర్త్ లేకపోవడం. మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్నును పీకేసి రెండు పిన్నుల సాకెట్లో దూర్చడం మనకు పరిపాటి. అలాంటి ఇంట్లో పరికరాల లోహపు భాగాల మీద, లోపలి ఫిల్టర్ల వల్ల, 115 వోల్టుల దాకా తేలుతూ ఉంటుంది; కరెంటు అతి స్వల్పం కాబట్టి చేతికి చిమచిమలాడుతుంది తప్ప కొట్టదు. రెండు పరికరాలూ నడుస్తుండగా కేబులు దూర్చినప్పుడు ఆ తేడా పోర్టు గుండా సర్దుకుంటుంది. 3.3 వోల్టుల చిప్పు దానికి బలి కావచ్చు. పోయింది చవక కేబులు వల్లనని ఇంటాయన అనుకుంటాడు, అంగడివాడు కాదనడు. కేబులు తగిలించేటప్పుడు రెండింటినీ స్విచ్ దగ్గరే ఆపండి. పెరట్లో ఎర్త్ గుంత ఎండిపోయి ఎన్నేళ్లయిందో చూడండి. వోల్టేజి ఉప్పెనను కత్తిరించే సర్జ్ ప్రొటెక్టరు కూడా మంచి ఎర్త్ లేకపోతే సగం పనే చేస్తుంది. పద్దెనిమిది వేలలో సగం పెడితే ఈ పనులన్నీ ఎలక్ట్రీషియన్ చేసి పెడతాడు, టీ ఖర్చుతో సహా.

ఇక బాణం. రాగి కేబులు మీద బాణాన్ని చూసి చాలా ఏళ్లు నవ్వాను. 2008లో డెనాన్ కంపెనీ మీటరున్నర నెట్‌వర్క్ కేబులును 499 డాలర్లకు అమ్ముతూ దాని మీద సంకేతం నడిచే దిశ గుర్తు వేసినప్పుడు లోకమంతా నవ్వింది, నేనూ నవ్వాను. కాని మా హాల్లో ప్రొజెక్టరుకు పదిహేను మీటర్ల దూరం కావలసి వచ్చి గాజు పోగుల హెచ్‌డీఎంఐ కేబులు కొన్నాను. ముప్పావు అంగుళం పైపులో తల దూరదు కాబట్టి వేరే పైపు వేయించి, గోడ పూడ్పించి, రంగు వేయించాక చూస్తే బొమ్మ రాలేదు. ఆ కేబులులో ఒక కొస విద్యుత్తును వెలుగుగా మారుస్తుంది, రెండవ కొస వెలుగును విద్యుత్తుగా మారుస్తుంది. నేను తిరగేసి వేయించాను. గోడ మళ్లీ పగలగొట్టాల్సి వచ్చింది. కాబట్టి ఏడింటిలో మూడవ నిజం, గాజు కేబుళ్ల వరకు, అక్షరాలా నిజం. ఒప్పుకుంటున్నాను.

సర్టిఫికెట్ విషయంలో ఇంకా ఎక్కువ ఒప్పుకోవాలి. హెచ్‌డీఎంఐ లైసెన్సు సంస్థ పర్యవేక్షణలో పరీక్షించిన కేబుళ్లు నిజంగానే మేలు. "ప్రీమియం హై స్పీడ్" ముద్ర ఉంటే సెకనుకు 18 గిగాబిట్లు, "అల్ట్రా హై స్పీడ్" ముద్ర ఉంటే 48 గిగాబిట్లు మోస్తుందని అర్థం. సెకనుకు 60 ఫ్రేముల 4కె సినిమాకు మొదటిది చాలు, 120 ఫ్రేముల ఆటలకు రెండవది కావాలి. అయిదు మీటర్లు దాటాక రాగితో 48 గిగాబిట్లు కష్టం కాబట్టి అక్కడ కాస్త ఎక్కువ ఖర్చు పెట్టడం న్యాయమే. పెట్టె మీది క్యూఆర్ ముద్రను ఆ సంస్థ యాప్‌తో స్కాన్ చేస్తే అసలుదో నకిలీదో తెలుస్తుంది. ముద్ర లేని కేబులును కోఠీలో అడ్డగోలు బేరమాడి కొని నేను రెండుసార్లు చేతులు కాల్చుకున్నాను. కాని నా బల్ల మీది అల్ట్రా హై స్పీడ్ ముద్ర ఉన్న రెండు మీటర్ల కేబులు ధర వెయ్యి రూపాయల చిల్లర. ముద్ర వేయడానికి చేసే పరీక్ష వేగాన్ని కొలుస్తుంది, ధరను కాదు.

తోడల్లుడి పెట్టెను ఇద్దరం కలిసి తిరగేసి చూశాం. క్యూఆర్ ముద్ర ఎక్కడా కనబడలేదు. సర్టిఫికెట్ మాత్రం ఉంది, బంగారు అంచు అట్ట మీద అందమైన సంతకంతో, తయారీదారు తనకు తానే ఇచ్చుకున్నది. వెనక్కి పంపడానికి ఇంకా నాలుగు రోజుల గడువుంది. పంపుదామా వద్దా అని ఆయన ఆలోచిస్తున్నాడు, ఎందుకంటే సందేశాన్ని ఆయనే మరో పదిమందికి పంపి ఉన్నాడు, వారిలో ఇద్దరు కొనేశారు.