చెయ్యెత్తితే చప్పుడా, నిశ్శబ్దమా?

మా పెరటి గోడకు అవతల ఉండే దంపతుల పేర్లు చెప్పను గానీ, ఆవిడ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి విరమించిన ఉపాధ్యాయిని, ఆయన తన 1998 నాటి మారుతి 800ను తప్ప మరి దేనినీ నమ్మని మనిషి. ఈ మధ్య ఆ బండికి కొత్త క్లచ్ వేయించిన నాటి నుంచి, అది ఇంజను తిరుగుతూ వాకిట్లో ఆగి ఉన్నంతసేపూ గలగలమంటూనే ఉంది. ఆదివారం ఉదయం బానెట్ తెరిచి ఆవిడను దాని పక్కన నిలబెట్టి, ఆయన స్టీరింగు ముందు కూర్చున్నారు. నేను మొక్కలకు నీళ్లు పోస్తూ విన్న సంభాషణ ఇది. ఆ పూట మా మందార మొక్క మునిగిపోయింది.

శ్రీవారు: గేరు న్యూట్రల్‌లో ఉంది, ఇంజను తిరుగుతోంది. నేను క్లచ్ పెడల్ తొక్కుతూ, వదులుతూ ఉంటాను. నా చెవులకు ఆ శబ్దం సరిగ్గా అందడం లేదు కనుక, నువ్వు విని చేత్తో సైగ చెయ్యి.

శ్రీమతి: వంటింట్లోంచి నేను పిలిచే పిలుపే అందని చెవులకు ఆ చిన్న చప్పుడు అందుతుందని నేనూ ఆశపడలేదు లెండి. తొక్కండి.

(ఆయన తొక్కారు, ఆవిడ చెయ్యి ఎత్తారు. ఆయన వదిలారు, ఆవిడ చెయ్యి దించారు. మళ్లీ మళ్లీ అదే జరిగింది.)

శ్రీవారు: నేను చెప్పలేదూ! తొక్కినప్పుడు మాత్రమే శబ్దం వస్తే అది రిలీజ్ బేరింగుదే. పెడల్ తొక్కగానే ఫోర్కు ఆ బేరింగును తీసుకువెళ్లి ప్రెషర్ ప్లేటు వేళ్ల మీద ఒత్తుతుంది, దాని మీద బరువు పడేది అప్పుడే. మెకానిక్ క్లచ్ ప్లేటు కొత్తది వేసి బేరింగు మాత్రం పాతదే ఉంచేసి ఉంటాడు. రేపే గేరు బాక్సు దింపిస్తాను.

శ్రీమతి: మొన్ననే ఎక్కించిన దాన్ని మళ్లీ దింపడానికి అదేమైనా అటక మీది ఆవకాయ జాడీయా? అయినా, తొక్కితే శబ్దం వస్తోందని మీకు ఎవరు చెప్పారు?

శ్రీవారు: నువ్వే చెప్పావు.

శ్రీమతి: నేను నోరే విప్పలేదు.

శ్రీవారు: చెయ్యి ఎత్తావు కదా!

శ్రీమతి: శబ్దం ఆగిపోయింది కనుక ఎత్తాను.

శ్రీవారు: ఆగిపోతే చెయ్యి ఎందుకు ఎత్తుతావు?

శ్రీమతి: నా ఉద్యోగమంతా నేను చెయ్యి ఎత్తితే తరగతి మొత్తం నోరు మూసుకునేది. చెయ్యి ఎత్తడమంటే నిశ్శబ్దమని ఊళ్లో సగం మందికి నేర్పింది నేనే.

శ్రీవారు: ఇది ఏడో తరగతి కాదు, 796 సీసీ ఇంజను! 1983 నుంచి 2014 దాకా ఈ బండ్లు తయారయ్యాయి. అన్నేళ్లలోనూ ఎవరి భార్యా బండి నోరు మూసుకుందని చెయ్యి ఎత్తి ఉండదు.

శ్రీమతి: అన్నేళ్లలోనూ సైగకు అర్థమేమిటో ముందుగా చెప్పకుండా పరీక్ష పెట్టిన భర్త కూడా ఉండడు. సరే, మళ్లీ తొక్కండి.

(ఈసారి ఆయన తొక్కగానే ఆవిడ చెయ్యి దించారు, వదలగానే ఎత్తారు.)

శ్రీవారు: చూశావా, మళ్లీ అదే తేలింది! తొక్కితేనే చప్పుడు!

శ్రీమతి: తొక్కితే ఆగిపోతోందని చేతిని అంత స్పష్టంగా దించి చూపించాను కదండీ!

శ్రీవారు: దించితే చప్పుడని కదా నీ లెక్క? నీ అలవాటును ఈ వయసులో మార్చడం ఎందుకని నేనే నీ పద్ధతికి మారాను.

శ్రీమతి: అయ్యో రాత! ఒక్కసారైనా మీ మాట విందామని నేను మీ పద్ధతికి మారాను.

(ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. ఇంజను ఒక్కటే మాట్లాడింది.)

శ్రీమతి: ఇలా కాదు, మీరు దిగండి. పెడల్ నేను తొక్కుతాను. ఆ పొడవాటి స్క్రూడ్రైవరు మొనను గేరు బాక్సు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వినండి. తిరిగే బెల్టుకు మాత్రం దూరంగా ఉండండి, ఆ లుంగీ అంచు ముందు పైకి దోపుకోండి.

శ్రీవారు: తొక్కు... ఆగిపోయింది! వదులు... వస్తోంది! తొక్కు... మళ్లీ ఆగిపోయింది!

శ్రీమతి: మీరు ఇప్పుడు చెయ్యి ఎందుకు ఎత్తారు?

శ్రీవారు: సంతోషం పట్టలేక ఎత్తాను.

శ్రీమతి: మూడో అర్థం కూడా ఉందన్నమాట. రాసి పెట్టుకుంటాను.

శ్రీవారు: సంతోషించడానికేమీ లేదు. తొక్కితే ఆగుతోందంటే గేరు బాక్సులోకి వెళ్లే షాఫ్ట్ తిరగడం మానేస్తోందన్నమాట. అప్పుడు తప్పు రిలీజ్ బేరింగుది కాదు గానీ, ఆ షాఫ్ట్ బేరింగు పోయి ఉండవచ్చు. అదే అయితే గేరు బాక్సును దింపడమే కాదు, విప్పాలి కూడా.

శ్రీమతి: ఉండండి, విప్పే ముందు ఒక్క క్షణం వినండి. నేను క్లచ్ వదిలేసి యాక్సిలరేటర్ మీద కాస్త కాలు పెడతాను. ఇప్పుడు వినిపిస్తోందా?

శ్రీవారు: లేదే! పూర్తిగా పోయింది.

శ్రీమతి: పోయిన బేరింగు అయితే వేగం పెరిగే కొద్దీ ఇంకా గట్టిగా ఏడవాలి గానీ ఊరుకోదు కదా?

శ్రీవారు: ఊరుకోదు. ఇంజను మరీ నెమ్మదిగా తిరుగుతోంది. మూడు సిలిండర్లది కనుక అంత నెమ్మదిలో ఒక్కొక్క పేలుడుకూ కుదుపు తెలుస్తుంది. పాత క్లచ్ ప్లేటు స్ప్రింగులు మింగేసిన ఆ కుదుపును ఈ కొత్త ప్లేటు స్ప్రింగులు గేర్లకు పంపిస్తున్నట్టున్నాయి, బరువు లేని గేరు పళ్లు ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయి. ఇంజను వేగం కాస్త పెరిగేలా కార్బురేటరు స్క్రూ కొంచెం బిగిస్తే సరిపోవచ్చు. గేరు ఆయిలు తగ్గిందేమో కూడా చూడాలి.

(స్క్రూ తిరిగింది. గలగల ఆగింది. ఆవిడ సీటులోంచి కదలలేదు.)

శ్రీమతి: రేపు మెకానిక్ దగ్గరికి వెళ్లే పని తప్పింది కనుక, ఆ సమయానికి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకువెళతాను. పోయిన సంక్రాంతి నుంచి వాయిదా వేస్తున్నారు.

శ్రీవారు: నా చెవులకేమీ కాలేదు. స్క్రూడ్రైవరుతో విన్నాను కదా!

శ్రీమతి: డాక్టరు ముందు తలకు స్క్రూడ్రైవరు ఆనించుకుని కూర్చోలేరు. అక్కడ చెవులకు యంత్రం తగిలించి, కూత వినిపించినప్పుడల్లా చెయ్యి ఎత్తమంటారు. వినిపించినప్పుడండీ! ముందే చెబుతున్నాను, అక్కడికి వెళ్లి నా పద్ధతికి మారకండి.