కప్పులో పీ ఎక్కడికి పోయింది?

ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు ప్రూఫులు దిద్దుతున్న శాస్త్రిగారికీ, ఉచ్చారణలు సరిచూస్తున్న ఇంగ్లిష్ మాస్టారికీ ‘కప్‌బోర్డ్’ దగ్గర పేచీ వచ్చింది.

శాస్త్రి: మాస్టారూ, ఈ సమాసంలో కప్పూ బోర్డూ విడివిడిగా కంటికి కనబడుతూనే ఉన్నాయి. పంక్తి చివర చోటు చాలనప్పుడు ఇంగ్లిష్ అచ్చులోనూ పీ తరవాతే గీత పెట్టి విరుస్తారు. మరి ఉచ్చారణ దగ్గర మీరు ‘కబర్డ్’ అని రాశారేమిటి?

మాస్టారు: ఆ గీత పదం పుట్టుకను చెబుతుంది గానీ పలుకుబడిని చెప్పదండీ. 14వ శతాబ్దంలో ఇది నిజంగానే కప్పులు పేర్చే బల్ల. 16వ శతాబ్దానికి తలుపులున్న అలమర అయింది. పీ కోసం మూసుకున్న పెదవులు బీ కోసం మళ్లీ తెరుచుకుని మూసుకునే శ్రమ మానుకున్నాయి, ఊనిక మొదటి అక్షరం మీదే పడడంతో బోర్డులోని ఓకారం నలిగిపోయింది. ‘అప్’కు ‘జ’ చేరితే మనం అబ్జమనడం లేదూ?

శాస్త్రి: అంటాం, అలాగే రాస్తాం కూడా! వాళ్లు పలకని పీని రాతలో దాచుకున్నారు. పోనీ, బ్లాక్‌బోర్డులో ఓకారం ఎందుకు నలగలేదు?

మాస్టారు: అది వయసులో చిన్నది, నల్లదనమూ బోర్డూ అందులో ఇంకా వేర్వేరుగా వినబడుతున్నాయి. అలమరను చూసి బల్లను తలచుకునేవాళ్లు ఇప్పుడెవరున్నారు?

శాస్త్రి: అయితే నుదుటి మాట చూడండి. ఒకప్పుడు ‘ఫారిడ్’ అన్నవాళ్లే రాతను చూసి ఇప్పుడు ఎక్కువగా ‘ఫోర్‌హెడ్’ అంటున్నారు. రేపు దీనికీ ఆ గతే పట్టవచ్చు.

మాస్టారు: పట్టిన రోజున దిద్దుదాం. నిఘంటువు ఇవాళ్టి నోటిని చెప్పాలి. మన ఇళ్లలో వడ్రంగి కూడా ‘కబోర్డు’ అంటాడు, అంటే పీని వదిలేశాడు, ఓకారాన్ని మాత్రం పట్టుకున్నాడు.

శాస్త్రి: సరే, పీ పోయిందనే ఒప్పుకుంటాను. మిగిలిన బీ ఏ అక్షరానిది? మన లెక్కలో హల్లు తరవాతి అచ్చునే ఆశ్రయిస్తుంది కనుక ‘క–బర్డ్’ అని విరవాలి.

మాస్టారు: అక్కడే చిక్కు. ఊనిక పడిన ఇంగ్లిష్ హ్రస్వాచ్చు హల్లు తోడు లేకుండా మాట చివర నిలవదు కాబట్టి, కొందరు కోశకారులు బీని ముందుకు లాగి ‘కబ్–అర్డ్’ అని విరుస్తారు. ఇంగ్లండులోనైతే చాలామంది నోట ఆ రేఫ కూడా వినబడదు.

శాస్త్రి: అంటే అచ్చులో పీ దగ్గర, మీ కోశకారులకు బీ తరవాత, నాకు బీకి ముందు. ఒక్క అలమరకు మూడు చీలికలా! ఈ పేజీ సాయంత్రానికి ప్రెస్సుకు పోవాలి మాస్టారూ, ఏది ఉంచమంటారు?

మాస్టారు: ఉచ్చారణ ‘కబర్డ్’ అని ఉంచి, విరవకుండా వదిలేయండి.