అసిస్టెంట్ కోచ్ అంటే నీళ్ల సీసాలు అందించేవాడా?

వారం రోజులుగా భీమవరం, పాలకొల్లు, నరసాపురం గ్రూపులన్నిట్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అసిస్టెంట్ కోచ్ అంటే సీసాలు అందిస్తూ చప్పట్లు కొట్టేవాడేనట. ఆ లీగ్‌లో ఆడనివాడిని దరిదాపులకు రానివ్వరట. ఒకసారి అసిస్టెంట్ అయితే చచ్చేదాకా అసిస్టెంటేనట. పిల్లలకు ఈ పిచ్చి ఉంటే ఇప్పుడే మాన్పించమని చివర్లో సలహా కూడా ఉంది. మా బావగారు దాన్ని నేరుగా మా మేనల్లుడికే పంపారు. వాడు ఆడేది అంతంతమాత్రమే గానీ, ఆట విడమర్చి చెప్పమంటే దిట్ట. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్‌ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా చేస్తానంటున్నాడు.

ముందు సీసాల సంగతి. సీజన్‌లో ఒక్కో జట్టు 82 మ్యాచ్‌లు ఆడుతుంది. రాబోయే ప్రత్యర్థులను అసిస్టెంట్లు తలా కొన్ని పంచుకుంటారు. తన వంతుకొచ్చిన జట్టు పాత మ్యాచ్‌లు ముందేసుకుని కూర్చోవాలి. బంతి తెచ్చేవాడు ఎప్పుడూ కుడివైపుకే దూసుకెళ్తాడా? టైమవుట్ తర్వాత ఏ ఎత్తు వేస్తారు? ఫౌల్ చేసి ఫ్రీ త్రో (అడ్డు లేకుండా బుట్టలోకి వేసే అవకాశం) ఇచ్చినా నష్టం లేనివాడెవడు? ఇదంతా వడగట్టి, ఆటగాళ్ల బుర్రకెక్కేలా కొద్ది నిమిషాల్లో చెప్పాలి. గంట చెబితే ఎవడు వింటాడు! మ్యాచ్‌లో ఒకరి కన్ను డిఫెన్స్ మీద, ఇంకొకరిది అటాక్ మీద. అంతకుముందు ఆటగాళ్లతో షాట్లు వేయించేదీ వీళ్లే. మన కాలువ మీద లస్కరు తలుపు ఎంత ఎత్తాడో శివారు రైతుకే తెలుస్తుంది, నీళ్లు వదిలిన రోజు ఫొటోలో మాత్రం ఆయన ఉండడు.

2015 ఫైనల్స్‌నే తీసుకోండి. గోల్డెన్ స్టేట్ జట్టు మ్యాచ్‌ల లెక్కలో 1-2తో వెనకబడింది. హెడ్ కోచ్ స్టీవ్ కెర్ దగ్గర నిక్ యురెన్ అనే సహాయకుడు ఉండేవాడు. పేరుకు అసిస్టెంట్ కోచ్ కూడా కాదు. అంతకుముందు ఏడాది ఫైనల్స్ వీడియోలు తిరగేసి, పొడగరి బోగట్‌ను పక్కనపెట్టి ఇగ్వొడాలాను మొదటి అయిదుగురిలో దించుదామన్నాడు. కెర్ విన్నాడు. వరసగా మూడు మ్యాచ్‌లు గెలిచి టైటిల్ కొట్టారు. ఫైనల్స్ ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడు, ఇగ్వొడాలాయే.

ఆడనివాడికి చోటు లేదన్నది శుద్ధ అబద్ధం. ఎరిక్ స్పోల్‌స్ట్రా ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. 1995లో మయామీ హీట్ వీడియో గదిలో చేరాడు, తర్వాత అసిస్టెంట్ అయ్యాడు, 2008లో హెడ్ కోచ్. 2012, 2013లో టైటిళ్లు. చచ్చేదాకా అసిస్టెంటేనన్న మూడో ముక్కకూ ఇదే జవాబు.

అసలు అసిస్టెంట్‌గా ఉండిపోతే మాత్రం తప్పేంటి? ట్రయాంగిల్ అఫెన్స్ అనే దాడి పద్ధతిని షికాగో బుల్స్ జట్టుకు ఒంటబట్టించిన టెక్స్ వింటర్ అక్కడ ఆరు టైటిళ్లు, 2000 నుంచి 2002 దాకా లేకర్స్‌తో మూడు చూసింది అసిస్టెంట్ కుర్చీలోంచే. 2011లో బాస్కెట్‌బాల్ దిగ్గజాలకిచ్చే గౌరవం హాల్ ఆఫ్ ఫేమ్‌కూ ఎక్కాడు.

కష్టం లేదని నేననను. ఉన్నవి 30 జట్లు. హెడ్ కోచ్‌ను తీసేస్తే చాలాసార్లు అసిస్టెంట్లూ పెట్టే బేడా సర్దుకోవాల్సిందే. పిల్లల స్కూలు, అద్దె ఇల్లు అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. బావగారు ఫోన్ చేసి ఈ టెన్షన్ చెప్పి ఉంటే నేనూ సరేననేవాణ్ని. ఫార్వర్డ్‌లో ఆ ఒక్క ముక్కే లేదు.