సవరణ: సెక్షన్ మూడు మెంబర్లకి మించి కోయకూడదన్నది తప్పు

మొన్న ట్రస్ (కడ్డీలు త్రికోణాలుగా కలిపి కట్టే చట్రం) గురించిన పోస్టులో సెక్షన్, అంటే ట్రస్ ని ఊహలో రెండుగా కోసే గీత, ఎప్పుడూ మూడు మెంబర్లనే (కడ్డీలనే) కోయాలి, నాలుగు తెగితే మెథడ్ ఆఫ్ సెక్షన్స్ (అలా కోసి మెంబర్లలోని బలాలు లెక్కగట్టే పద్ధతి) పనికిరాదు అని రాశాను, అది తప్పు. శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ చదివే కొందరు కె-ట్రస్ (నిలువు మెంబర్ మధ్య నుంచి రెండు ఏటవాలు మెంబర్లు పోయి K ఆకారం వచ్చే ట్రస్) లెక్క దగ్గర ఆగిపోయి అడిగితే, స్ట్రక్చర్స్ టెక్స్ట్ బుక్కులు మళ్ళీ తీసి చూశాను.

ఈక్విలిబ్రియం ఈక్వేషన్లు (బలాలన్నీ సరితూగాలనే సమీకరణాలు) మూడే, అందుకే మామూలుగా మూడు అన్‌నోన్లు (తెలియని బలాలు) అంటారు. కానీ కోసినవాటిలో ఒక్కటి తప్ప మిగతావన్నీ ఒకే పాయింట్ గుండా పోతుంటే, ఆ పాయింట్ దగ్గర మూమెంట్ (బలం ఆ పాయింట్ చుట్టూ తిప్పే ప్రభావం) తీసుకుంటే ఆ ఒక్కటీ నేరుగా వచ్చేస్తుంది, ఎన్ని తెగినా సరే. కె-ట్రస్‌లో వంపుగా కోస్తే టాప్ కార్డ్ (పై అంచు మెంబర్), బాటమ్ కార్డ్ (కింది అంచు మెంబర్), నిలువు మెంబర్ రెండు ముక్కలూ, మొత్తం నాలుగు తెగుతాయి గదా, వాటిలో టాప్ కార్డ్ తప్ప మిగతా మూడూ కింది జాయింట్ (మెంబర్లు కలిసే చోటు) గుండానే పోతాయి. అక్కడ ఎడమవైపు రియాక్షన్ (ఆధారం ఇచ్చే ఎదురు బలం), లోడ్ల మూమెంట్ 240 కిలోన్యూటన్ మీటర్లు, ట్రస్ ఎత్తు 6 మీటర్లు అనుకోండి, టాప్ కార్డ్‌లో 240 ÷ 6 = 40 కిలోన్యూటన్ల కంప్రెషన్ (నొక్కే బలం). పై జాయింట్ దగ్గర మూమెంట్ తీస్తే బాటమ్ కార్డ్‌లో అంతే టెన్షన్ (లాగే బలం).

డయాగొనల్స్ (ఏటవాలు మెంబర్లు) మాత్రం ఈ కోతలో రావు, వాటికి ప్యానెల్ (రెండు నిలువు మెంబర్ల మధ్య భాగం) మధ్యలో ఇంకో సెక్షన్ వెయ్యాలి.