రికార్డు మీది బ్రాకెట్టు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బ్రాకెట్టు గారి సముఖానికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ అంతా క్షేమం. మీ క్షేమం కనుక్కుందామంటే మాత్రం భూతద్దం కావాల్సి వస్తోంది. 45 ఆర్‌పీఎం రికార్డు (వైపుకో పాట ఉండే చిన్నది) నడిమధ్య అతికించిన ఆ గుండ్రటి కాగితం మీద కంపెనీ పేరు కొట్టొచ్చినట్టు ఉంటుంది. పాట పేరు దానికి తగ్గట్టు ఉంటుంది. పాడిన గ్రూపు పేరు, ‘ది సుప్రీమ్స్’ అనో ‘ది ఫోర్ టాప్స్’ అనో, ధీమాగా కూర్చుని ఉంటుంది. ఇంతమంది సందులో ఎక్కడో, రెండు వంకర గీతల మధ్య మీరు. మీ లోపల, ఊపిరాడకుండా, పాట రాసినవాళ్లు.

“రచన ఫలానా, సంగీతం ఫలానా, పాడినవారు ఫలానా” అని రేడియోలో చదివాకగానీ పాట మొదలుకాని రోజుల్లో పెరిగినవాణ్ణి నేను. అందుకే 1960ల నాటి డెట్రాయిట్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా సోల్ (అమెరికా నల్లజాతివాళ్ల పాటల బాణీ) గ్రూపుల పాటలు వినడం మొదలుపెట్టాక కూడా కన్ను ముందు మీ మీదికే పోయింది. పోయాక అర్థమైంది, మీరు పైకి కనిపించేంత అమాయకులేం కారని.

ముందు మీ ఆస్తిపాస్తుల సంగతి. 1909 నాటి అమెరికా చట్టం ప్రకారం అమ్ముడైన ఒక్కో రికార్డు మీద పాటకి 2 సెంట్ల దాకా రాయల్టీ. 1977 చివరివరకూ అదే రేటు. అది పాడినవాళ్లకి కాదు, మీ లోపల ఉన్నవాళ్లకీ, వాళ్ల పాట హక్కులు చూసుకునే పబ్లిషర్‌కీ. ఇంకో తమాషా ఏమిటంటే, రికార్డు తిప్పితే అవతలి వైపు ఉండే పాట ఎవరూ వినకపోయినా సరే, దాన్ని రాసినవాడికీ అంతే డబ్బు. ఆ రెండో వైపు తమ పాట దూర్చడానికి కొందరు నిర్మాతలు ఎందుకంత తహతహలాడేవారో మీకు నేను చెప్పక్కర్లేదు. రేడియో వ్యవహారం మరీ విడ్డూరం. అమెరికాలో ఎఫ్ఎం స్టేషన్ పాట వేస్తే ఇవాళ్టికీ రాసినవాళ్లకి డబ్బు ముడుతుంది, పాడినవాళ్లకి పైసా రాదు. టెంప్టేషన్స్ గ్రూపు పాడిన ‘మై గర్ల్’లో డేవిడ్ రఫిన్ గొంతుకి లోకమంతా కరిగిపోయింది. రేడియో చెక్కు మాత్రం మీ అడ్రసుకి వెళ్లింది.

రాబడి ఉన్నచోట కబ్జా ఉంటుంది. 1956లో న్యూయార్క్ కుర్రాళ్లు ‘ది టీనేజర్స్’ అనే గ్రూపుగా ‘వై డు ఫూల్స్ ఫాల్ ఇన్ లవ్’ పాడారు. సోల్ అనే మాట ఇంకా స్థిరపడని రోజులవి, కానీ తర్వాత వచ్చిన గ్రూపులన్నీ ఆ వీధి మూలల్లోంచి నడిచొచ్చినవే. ముందు నిలబడి పాడిన ఫ్రాంకీ లైమన్‌కి పదమూడేళ్లు. మీలో మొదట అతని పక్కన చోటు సంపాదించింది నిర్మాత జార్జ్ గోల్డ్‌నర్. తర్వాత ఆయన దిగిపోయి, కంపెనీని చేజిక్కించుకున్న మోరిస్ లెవీ ఎక్కాడు. మా ఊళ్లలో వంతెన కట్టిన మేస్త్రీ పేరు ఎక్కడా కనబడదు, ఆ పూట రిబ్బన్ కత్తిరించినాయన పేరు మాత్రం శిలాఫలకం మీద శాశ్వతంగా ఉండిపోతుంది. మీరూ అదే బాపతని ఆ రోజే తేలిపోయింది. అదే గ్రూపులో పాడిన హెర్మన్ శాంటియాగో, జిమ్మీ మర్చంట్ “పాట మాదండీ” అని కోర్టుకెక్కారు. 1992లో జ్యూరీ అవును, మీదే అంది. 1996లో అప్పీలు కోర్టు, ఎవరు రాశారన్నది పక్కనపెట్టి, కేసు వెయ్యడానికి మూడేళ్లే గడువు, అది ఏనాడో దాటిపోయింది, వెళ్లిరండి అంది. లైమన్ అప్పటికి లేడు, 1968లోనే పాతికేళ్లకి పోయాడు. ఆయన రాయల్టీ కోసం ముగ్గురు ఆడవాళ్లు భార్యను నేనంటే నేనని వచ్చారు. మీరు మాత్రం ఎవరి పక్షమూ మాట్లాడలేదు. మీకది అలవాటే.

డెట్రాయిట్‌కి వద్దాం. బెర్రీ గోర్డీ మోటౌన్ అనే రికార్డుల కంపెనీ పెట్టకముందు కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు, పాటలు రాశాడు. పాటలు హిట్టయినా చేతికొచ్చింది అంతంతమాత్రం. మీ లోపల కూర్చుని కూడా సుఖపడని మనిషి కాబట్టే 1959లో ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని సొంత దుకాణం తెరిచాడు. ఇంతవరకూ చదివి కళ్లు తుడుచుకోబోతాం. ఆగాలి. ఆ దుకాణానికి మొదటి హిట్టు ‘మనీ’. పాడినవాడు బారెట్ స్ట్రాంగ్. పాట పేరే డబ్బు కాబట్టి గొడవా దానికి తగ్గట్టే ఉంది. 1959లో కాపీరైట్ కాగితాల్లో రచయితల్లో స్ట్రాంగ్ పేరు ఉంది. మూడేళ్లకి తీసేశారు. 1987లో మళ్లీ వచ్చింది. మరుసటి ఏడాది మళ్లీ కొట్టేశారు. అసలు ఆ పేరు ఎక్కడమే గుమాస్తా పొరపాటని గోర్డీ తరఫువాళ్ల వాదన. పాటలో తనకూ భాగం ఉందని స్ట్రాంగ్ వాదన. తన పేరు ఇలా ఎక్కి దిగిందన్న సంగతి ఆయనకి 2010 దాకా తెలియనే తెలియదట. ఓటర్ల జాబితాలో పేరు గల్లంతైతే కనీసం పోలింగ్ రోజునైనా తెలుస్తుంది కదండీ.

అదే స్ట్రాంగ్ తర్వాత నార్మన్ విట్‌ఫీల్డ్‌తో కలిసి టెంప్టేషన్స్ గ్రూపుకి ‘పాపా వాజ్ ఎ రోలిన్ స్టోన్’ లాంటివి రాశాడు. అక్కడ మాత్రం మీరు ఆయన్ని బుద్ధిగా కూర్చోబెట్టారు. నాకు న్యాయంగా మాట్లాడటం అలవాటు, అందుకే ఇది కూడా రాస్తున్నాను.

ఇక మీ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఎడిత్ వేన్ గారు. బ్రయన్ హాలండ్, లామంట్ డోజియర్, ఎడ్డీ హాలండ్ అనే ముగ్గురు మోటౌన్‌కి పాటల బట్టీ పెట్టినవాళ్లు. సుప్రీమ్స్‌కి వచ్చిన పన్నెండు నంబర్ వన్ పాటల్లో పది వీళ్లవే. బ్రయన్, డోజియర్ బాణీ కట్టి రికార్డింగ్ చూసుకుంటే ఎడ్డీ మాటలు రాసేవాడు. ‘వేర్ డిడ్ అవర్ లవ్ గో’ ముందు మార్వెలెట్స్ అనే ఆడపిల్లల గ్రూపుకి ఇస్తే, మాకు నచ్చలేదు పొమ్మన్నారు. అప్పటిదాకా ఒక్క పెద్ద హిట్టూ లేని సుప్రీమ్స్ మొహమాటంగా తీసుకున్నారు, 1964లో నంబర్ వన్ అయింది. సరే, డబ్బు దగ్గర చెడింది. ముగ్గురూ బయటికి నడిచారు, కంపెనీ కేసు వేసింది, వీళ్లూ తిరిగి వేశారు. సొంత కంపెనీలు పెట్టుకున్నారు గానీ, కోర్టులో కేసు నడుస్తుండగా తమ పాటల కింద తమ పేరు వేసుకునే వీల్లేదు. 1970లో ఫ్రీడా పేన్ ‘బ్యాండ్ ఆఫ్ గోల్డ్’, చైర్మెన్ ఆఫ్ ది బోర్డ్ అనే గ్రూపు ‘గివ్ మీ జస్ట్ ఎ లిటిల్ మోర్ టైమ్’ హిట్టు కొట్టాయి. రెండిటి కిందా రొనాల్డ్ డన్‌బార్ పేరు, ఆ పక్కన ఎడిత్ వేన్. ఎవరీ మహాతల్లి? ముగ్గురు మగాళ్లు కలిసి ఒక చీర చాటున దాక్కున్నారని మీకు తెలుసు. తెలిసి కూడా నోరెత్తలేదు. మా సినిమా పాటల్లో ఘోస్టు రచయితలు లేరని నేననను. అయితే మా ఘోస్టుకి పేరే ఉండదు, మీరు ఘోస్టుకి ఇంటిపేరుతో సహా పెట్టారు.

మీరు మంచిపని చేసిన సందర్భాలూ ఉన్నాయి. మిషిగన్‌లో ఇంక్‌స్టర్ అనే ఊరి హైస్కూలు ఆడపిల్లలు, అదే ఆ మార్వెలెట్స్, మోటౌన్‌కి ఆడిషన్‌కి వెళ్తే, సొంత పాట తీసుకుని రండి అన్నారు. వాళ్లలో జార్జియా డాబిన్స్ అనే అమ్మాయి తెలిసినతని దగ్గర ఒక బ్లూస్ పాట పుచ్చుకుని, పేరు మాత్రం ఉంచి మిగతాదంతా తిరగరాసింది. అదే ‘ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మన్’. కాంట్రాక్టు మీద సంతకానికి తండ్రి ఒప్పుకోలేదు, ఆ పిల్ల గ్రూపు వదిలేసింది. 1961 డిసెంబరులో ఆ పాట మోటౌన్‌కి అమెరికా మొత్తం మీద మొదటి నంబర్ వన్ అయినప్పుడు రికార్డులో ఆమె గొంతు లేదు. పేరు మాత్రం మీ దగ్గర ఉంది. ఆమె పక్కన ఉన్నవాళ్లలో ఫ్రెడ్డీ గోర్మన్ అనే ఆయన నిజంగానే డెట్రాయిట్‌లో ఉత్తరాలు బట్వాడా చేసే పోస్ట్‌మన్. పోస్ట్‌మన్ పాటకి పోస్ట్‌మన్‌ని కూర్చోబెట్టిన మీ హాస్యప్రియత్వానికి జోహార్లు.

కానీ ‘మై గర్ల్’ దగ్గరికొచ్చేసరికి ఆ హాస్యం నాకు రుచించలేదు. మీ లోపల ఇద్దరు: స్మోకీ రాబిన్సన్, ఆయన మిరకల్స్ గ్రూపులోనే పాడే రొనాల్డ్ వైట్. రాశారు, ఉన్నారు, పేచీ లేదు. అయితే ఆ పాట ఎవరికైనా గుర్తురాగానే ముందు వినబడేది మాటలు కాదు, మెట్లెక్కుతూ వచ్చే ఆ గిటారు. అది వాయించింది రాబర్ట్ వైట్. పొట్టిగా రాస్తే ఇద్దరూ ఆర్. వైట్‌లే! ఒక ఆర్. వైట్ లోపల, ఇంకో ఆర్. వైట్ బయట. మోటౌన్ స్టూడియోలో రోజువారీ కూలీ లెక్కన వాయించిన ఫంక్ బ్రదర్స్‌లో ఆయన ఒకడు. 1971 దాకా మోటౌన్ అట్టల మీద ఆ బృందం పేర్లు వెయ్యలేదు. చాలా ఏళ్ల తర్వాత రాబర్ట్ వైట్ ఓ రెస్టారెంట్‌లో కూర్చుని ఉండగా ఇదే పాట మోగిందట. ఆర్డరు తీసుకోవడానికొచ్చిన కుర్రాడికి “అది వాయించింది నేనే” అని చెప్పబోయి, నమ్మడనుకుని ఊరుకుని, తినడానికేం కావాలో చెప్పాడట. 1994లో పోయాడు. మీలో ఒక్క అంగుళం జాగా ఎక్కువుంటే మీ సొమ్మేం పోయేది?

న్యూయార్క్‌లో మీకు ఇంకో కొలువు ఉండేది. డ్రిఫ్టర్స్ అనే గ్రూపు పేరు పాడేవాళ్లది కాదు, మేనేజరుది. పాడేవాళ్లు జీతగాళ్లు. 1958లో ఉన్నవాళ్లందర్నీ ఊడబీకి, వేరే గ్రూపువాళ్లని తెచ్చి ఆ పేరు తగిలించాడు. అలా వచ్చినవాళ్లలో బెన్ ఇ. కింగ్ ఒకడు. 1960లో ఆయన పాడిన ‘సేవ్ ది లాస్ట్ డాన్స్ ఫర్ మీ’ కింద మీరు రెండు ఇంటిపేర్లు వేశారు: పోమస్, షూమన్. అంతే. ఆ మొదటి పేరు వెనక ఏముందో చెప్పే ఓపిక మీకు లేదు కాబట్టి నేను చెబుతాను. డాక్ పోమస్‌కి చిన్నప్పుడే పోలియో. చంకల కింద కర్రలు లేందే నడవలేడు. 1957లో ఒక రంగస్థల నటిని పెళ్లి చేసుకున్నాడు. పెళ్లి విందులో ఆమె బంధువులతో, స్నేహితులతో డాన్స్ చేస్తుంటే ఆయన కుర్చీలో కూర్చుని చూశాడు. కొన్నేళ్ల తర్వాత మోర్ట్ షూమన్ బాణీ ఇస్తే, ఇంట్లో మిగిలిపోయిన తన పెళ్లి శుభలేఖ వెనక మాటలు రాశాడు. ఎవరితోనైనా ఆడుకో, నవ్వు, నీ ఇష్టం, చివర్లో ఇంటికి ఎవరితో వెళ్లాలో మాత్రం మరిచిపోకు అనే పాట. బెన్ ఇ. కింగ్ దాన్ని పాడుతుంటే అసూయ ఎక్కడా వినబడదు. బతిమాలుతున్నట్టూ ఉండదు. ఉత్త నమ్మకం. పెళ్లిళ్లలో ఇవాళ్టికీ ఈ పాటకి జనం డాన్స్ చేస్తారు. మీ వైపు చూసేదెవరు?

ఫిలడెల్ఫియాలో థామ్ బెల్ బాణీలకి మాటలు రాసిన లిండా క్రీడ్ సంగతీ అంతే. స్టైలిస్టిక్స్ గ్రూపులో రసెల్ థాంప్కిన్స్ జూనియర్ ఆ సన్నటి గొంతుతో ‘బెచా బై గాలీ, వావ్’ అని ప్రేమ ఒలకబోస్తుంటే, ఆ మాటలు ఇరవైల్లో ఉన్న ఒక ఆడపిల్లవని ఎంతమందికి తట్టింది? రొమ్ము క్యాన్సర్‌తో 1986 ఏప్రిల్‌లో ఆమె పోయింది, 37 ఏళ్లకి. ఆమె మాటలు రాసిన ‘ది గ్రేటెస్ట్ లవ్ ఆఫ్ ఆల్’, విట్నీ హ్యూస్టన్ గొంతులో, మరుసటి నెల నంబర్ వన్.

మీ జుట్టు పట్టుకుని ఆడించినవాడు ఒక్కడే కనిపిస్తాడు నాకు. షికాగో మనిషి కర్టిస్ మేఫీల్డ్. ఇంప్రెషన్స్ గ్రూపుకి తనే రాశాడు, తనే పాడాడు, ఇరవై ఏళ్ల వయసుకి అటూఇటూగా సొంత పబ్లిషింగ్ కంపెనీ కూడా పెట్టుకున్నాడు. ‘పీపుల్ గెట్ రెడీ’ కింద బ్రాకెట్టులో ఎవరికీ ఇరికే సందు ఇవ్వలేదు.

ఇప్పుడు మీకు ఉద్యోగం కూడా పోయిందని విన్నాను. ఫోన్లో పాట మోగుతుంటే తెరంతా గ్రూపు ఫోటో. రాసిందెవరో చూడాలంటే మూల ఉన్న మూడు చుక్కలు నొక్కాలి, తర్వాత కిందికి జరపాలి, తర్వాత ‘క్రెడిట్స్’ అన్నచోట మళ్లీ నొక్కాలి. ఇంత కష్టపడి వెళ్తే అక్కడ ఒక్కోసారి ఏమీ ఉండదు. మీరు చిన్నవాళ్లయినా ఎదురుగా ఉండేవాళ్లు. మీ మీద ఇన్ని నిష్టూరాలు ఆడి, చివరికి మీరే నయమని చెప్పాల్సి రావడం నా ఖర్మ.

కాబట్టి మనవి. ఎక్కడున్నా తిరిగి రండి. వచ్చేటప్పుడు కాస్త వెడల్పుగా రండి, రెండో ఆర్. వైట్‌కి కూడా చోటుండేట్టు. కంపెనీ యజమాని అనేవాడు ఎక్కబోతే ఏ లైను రాశావో పాడి వినిపించమనండి. జవాబు రాయదలిస్తే ఎడిత్ వేన్ గారి పేరుతోనే రాయండి, నేను అర్థం చేసుకుంటాను.

ఇట్లు,
మీ అభిమాని
(ఈ లేఖ రాసింది నేనొక్కణ్ణే. టీ తాగుతూ రెండు పేరాలు విన్న మా బావమరిది తన పేరు కూడా ఇక్కడ వెయ్యమంటున్నాడు. మూడేళ్లు ఆగమన్నాను.)