రాత్రి షిఫ్ట్‌లో తెలిసిన సంగతి పొద్దుటి సమావేశానికి ఎందుకు చేరదు?

చెన్నై చుట్టూ అంబత్తూరు, శ్రీపెరుంబుదూరు, ఒరగడం పారిశ్రామికవాడల్లో నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగువారు యంత్రాల దగ్గరా, నాణ్యతా విభాగాల్లోనూ పనిచేస్తున్నారు. అక్కడ నెలల తరబడి తెగకుండా మిగిలే సమస్యలకు చాలావరకు నైపుణ్యం లోపించడం కారణం కాదని, సంగతి తెలిసిన మనిషికీ నిర్ణయం తీసుకునే మనిషికీ మధ్య మాట నడవకపోవడమే కారణమని నా అభిప్రాయం.

కంప్యూటర్ ఆదేశాలతో లోహపు భాగాలను చెక్కే ఒక సీఎన్‌సీ యంత్రాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఆగి ఉన్న యంత్రాన్ని నడపడం మొదలుపెట్టాక అందులో తిరిగే ఇరుసు, అంటే స్పిండిల్, క్రమంగా వేడెక్కి వ్యాకోచిస్తుంది కాబట్టి, తయారయ్యే భాగాల కొలతలు మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) మారుతుంటాయి. మొదటి భాగాలు కొలతకు రాకపోవడం చూసి ఆపరేటర్ ఆఫ్‌సెట్‌ను, అంటే పనిముట్టు స్థానాన్ని సరిచేసే అంకెను, సవరిస్తాడు. ఆ సంగతి తర్వాతి షిఫ్ట్‌వాడికి చెప్పకుండా వెళ్లిపోతే, వేడెక్కిన యంత్రం మీద అదే సవరణ తప్పై కూర్చుంటుంది, రిజెక్షన్, అంటే పనికిరాక పక్కనపెట్టే భాగాల సంఖ్య, పెరుగుతుంది. పొద్దున సమావేశంలో నాణ్యతా విభాగం ఆపరేటర్‌ను తప్పుపడుతుంది, ఉత్పత్తి విభాగం పోతపోసి వచ్చిన ముడి భాగం, అంటే క్యాస్టింగ్‌ బాగా లేదంటుంది, మెయింటెనెన్స్‌వారు యంత్రంలో లోపం లేదంటారు. ఎవరి నివేదిక వారి దగ్గర ఉంటుంది. రాత్రంతా ఆ యంత్రం ముందు నిలబడిన ఇద్దరూ మాత్రం అప్పటికే ఇంటికి వెళ్లి నిద్రపోతుంటారు.

ఈ లోటును పూడ్చే పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. పనిచేసేవారే చిన్న బృందాలుగా కూర్చుని తమ పనిలోని లోపాలను పరిశీలించే క్వాలిటీ సర్కిళ్లు కవోరు ఇషికావా చొరవతో జపాన్‌లో 1962లో మొదలయ్యాయి. మన దేశంలో వాటికి తొలి వేదిక హైదరాబాద్ రామచంద్రాపురంలోని బీహెచ్‌ఈఎల్. చెన్నై విషయానికొస్తే, పాడిలోని సుందరం క్లేటన్ బ్రేక్స్ విభాగం 1998లోనే నాణ్యతా నిర్వహణకు జపాన్‌లో ఇచ్చే డెమింగ్ బహుమతి అందుకుంది. ఇంత అనుభవం ఉన్న నగరంలో కూడా క్వాలిటీ సర్కిల్ చాలాచోట్ల ఏటా జరిగే పోటీకి స్లైడ్లు తయారుచేసే కార్యక్రమంగా కుంచించుకుపోవడం బాధాకరం.

బృందం పనిచేయాలంటే అందులోని మనిషికి నోరు విప్పే ధైర్యం ఉండాలి. అమెరికన్ పరిశోధకురాలు ఆమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాలను అధ్యయనం చేసినప్పుడు, మెరుగైన బృందాల్లోనే మందుల విషయంలో పొరపాట్లు ఎక్కువగా నమోదైనట్టు కనిపించింది. ఆ బృందాలవారు పొరపాట్లను దాచకుండా చెప్పుకోగలుగుతున్నారన్నది ఆమె ఇచ్చిన వివరణ. ఆఫ్‌సెట్ మార్చానని చెప్తే మెమో అందుతుందని భయపడే ఆపరేటర్ షిఫ్ట్ పుస్తకంలో ఆ మాట రాయడు. భాష కూడా అడ్డే. టీ దుకాణం దగ్గర తెలుగులో ధారాళంగా మాట్లాడే నెల్లూరు కుర్రాడు ఇంగ్లిష్ స్లైడ్ల ముందు మౌనంగా ఉండిపోతాడు. తెలుగులో చెప్పమని అడిగి, పక్కనున్నవారితో తమిళంలో చెప్పించడానికి పట్టేది రెండు నిమిషాలే.

ప్రతి సమస్యకూ బృందం అక్కర్లేదు. ఫ్యూజ్ పోతే ఎలక్ట్రీషియన్ చాలు. రెండు షిఫ్టుల మధ్యో రెండు విభాగాల మధ్యో పుట్టి, ఎవరి ఖాతాలోకీ రాని సమస్యలకే బృందం కావాలి. అప్పుడు కూడా ఎవరు ఏ తేదీకి ఏం చేస్తారో రాసుకుని, ఆ తేదీన అందరూ యంత్రం దగ్గరే నిలబడి కొలతలు చూసుకోకపోతే ఆ చర్చకు ఫలితం ఉండదు.

యాజమాన్యాలు ముందుగా సరిదిద్దవలసిన విషయం మరొకటుంది. లైన్ మీద పర్మినెంట్ ఉద్యోగుల పక్కనే కాంట్రాక్టు కార్మికులూ, అప్రెంటిస్‌లూ అదే పని చేస్తున్నా, సర్కిల్ సభ్యుల జాబితాలో వారి పేర్లు తరచూ కనిపించవు. వారిని సభ్యులుగా చేర్చాలి, సమావేశంలో గడిపే సమయాన్ని పనిగంటలుగా లెక్కించి వేతనం ఇవ్వాలి, షిఫ్ట్ మారేటప్పుడు పాతవాడూ కొత్తవాడూ యంత్రం దగ్గర కలిసి మాట్లాడుకునే పది నిమిషాలకూ అదే నియమం వర్తింపజేయాలి.