పరిశోధనకు బహుమతులు ఇక చాలు

చారిత్రక నవలకు బహుమతి ప్రకటించిన ప్రతిసారీ న్యాయనిర్ణేతల నోట ఒకే మాట: 'లోతైన పరిశోధన'. వినీ వినీ విసుగొచ్చింది. పరిశోధనకు పట్టాలివ్వడానికి విశ్వవిద్యాలయాలున్నాయి. నవలను నవలగా తూచడమే బహుమతుల పని.

బ్రిటన్‌లో చారిత్రక నవలలకిచ్చే వాల్టర్ స్కాట్ బహుమతినే తీసుకోండి. 2010లో మొదలైంది, విలువ 25 వేల పౌండ్లు. కథలో ఎక్కువ భాగం కనీసం 60 ఏళ్ల కిందటిదై ఉండాలన్న షరతు స్కాట్ నవల 'వేవర్లీ' ఉపశీర్షిక ('అరవై ఏళ్ల కిందట') నుంచి వచ్చింది. ఆ లెక్కతో నాకు పేచీ లేదు.

తొలి ఏడాది గెలిచింది హిలరీ మాంటెల్ 'వుల్ఫ్ హాల్'. దాని నాయకుడు థామస్ క్రామ్‌వెల్ ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి మంత్రి. 1540లో అతణ్ని నిర్బంధించి కాగితాలన్నీ జప్తు చేశారు. అందుకే అతనికి వచ్చిన ఉత్తరాలు గుట్టలుగా మిగిలాయి. అతను రాసినవి మాత్రం చాలావరకు లేవు. మరి నవల ఎక్కడ మొదలవుతుంది? తండ్రి కొట్టిన దెబ్బలకు రాళ్లు పరిచిన పెరట్లో పడి ఉన్న పిల్లవాడి దగ్గర. తండ్రి బూటు కుట్టు ఊడింది, ఆ దారపు ముడి తగిలి పిల్లవాడి కనుబొమ్మ చిట్లింది. ఆ ముడి ఏ దస్తావేజుల గదిలో దొరుకుతుంది? క్రామ్‌వెల్ బాల్యం గురించి నమ్మదగ్గ ఆధారాలే అతి తక్కువ. నవలకు ప్రాణం పోసింది ఆ ఖాళీయే.

ఇలాగైతే ఎవరికి తోచింది వారు రాస్తారు, పాఠకులు అదే చరిత్ర అనుకుంటారు అని కొందరి భయం. హెన్రీకే మరో మంత్రి అయిన థామస్ మోర్‌ను కఠినాత్ముడిగా చూపారని ఈ నవలపైనే అభ్యంతరాలు వచ్చాయి. తేదీలు తప్పకూడదు, ఒప్పుకుంటాను. గోడ నిటారుగా లేపడం తాపీమేస్త్రీకి రావలసిందే, దానికి సన్మానమెందుకు?

అసలు నా బాధ వేరు. కాగితం ఎవరి చేతిలో ఉండేది? పన్ను వసూలు చేసినవాడు రాశాడు, శిక్ష వేసినవాడు రాశాడు. కూలివాడు రికార్డుకెక్కింది బాకీ పడ్డప్పుడో, నేరం మోపినప్పుడో. పరిశోధనకు పట్టం కడితే రచయితలు కాగితాలున్న చోటికే పోతారు, మళ్లీ రాజుల కథలే వస్తాయి. 2017లో ఇదే బహుమతి సెబాస్టియన్ బారీ 'డేస్ వితౌట్ ఎండ్'కు దక్కింది. కరవు తరిమితే ఐర్లండ్ నుంచి అమెరికా చేరి, సైన్యంలో కలిసి, తోటి సైనికుణ్ని ప్రేమించిన కుర్రాడి కథ అది. అలాంటి ప్రేమకు దండు చిట్టాలో గడి ఉండదు. న్యాయనిర్ణేతలు మంచి నవలనే ఎంచుకుంటున్నారు, కారణమే తప్పు చెబుతున్నారు.

ఈసారి పోటీకి వచ్చిన నవలల చివర ఆధార గ్రంథాల పట్టిక ఉంటే, ఆ పేజీలు తిప్పకుండానే తీర్పు చెప్పమనండి. పాత పెద్దింటి పద్దుల పుస్తకంలో పనిమనిషిది ఒక్క వరుస. పేరు, పక్కన జీతం. కొన్నాళ్లకు ఆ వరుసా ఉండదు. ఆమె ఎటు వెళ్లిందో నమ్మించేలా రాసినవారికి నేనైతే ఆ 25 వేల పౌండ్లూ ఇచ్చేస్తాను.